నాన్న కంప్యూటరుకి ఏం పెట్టాలి?

"ఒరే అబ్బాయ్... నా కంప్యూటరు ఇక పనికిరాదంటోందిరా!"

2025 అక్టోబరు రెండో వారం. రాత్రి తొమ్మిదిన్నర. ఆఫీసు మెట్లు దిగుతుంటే తెనాలి నుంచి నాన్న ఫోను. ఆ గొంతు వింటే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనిపించింది. తీరా చూస్తే రోగి కంప్యూటరు. తెర మీద ఏదో నోటీసు వచ్చిందట. దాన్ని అక్షరం అక్షరం చదివి వినిపించారు.

సంగతి ఏమిటంటే, ఆ నెల 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. అంతమాత్రాన కంప్యూటరు ఆగిపోదు. కానీ భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు రావు. కావాలంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగించుకునే వీలుంది కానీ, అదీ వాయిదా వేయడమే. పోనీ విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. నాన్నది మూడో తరం. శుభ్రంగా తుడిచి, గుడ్డ కప్పి, పన్నెండేళ్లుగా పసిపిల్లలా చూసుకుంటున్న మిషను అది.

"కొత్తది కొనేద్దాంలే నాన్నా" అన్నాను.

"ఇది బాగానే ఉందిగా! బాగున్నదాన్ని తీసి పారేయడం ఏమిట్రా? నువ్వేదో లైనక్సు లైనక్సు అంటావుగా... అది పెట్టరాదూ" అన్నారు.

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. ఎందుకంటే పద్దెనిమిదేళ్ల కిందట నాన్న కంప్యూటర్లో లైనక్సు ఒకసారి పెట్టాను. ఆ సంగతి ఆయనా మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదంతే.

పోస్టులో వచ్చిన సీడీ

అప్పట్లో నాన్నకి తెనాలిలో చిన్న డీటీపీ సెంటరు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఊళ్లోని రచయితల పుస్తకాలు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. నేను డిగ్రీ రెండో ఏడాది. 2007.

ఆ రోజుల్లో ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లందరికీ సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. పోస్టేజీ కూడా వాళ్లదే! దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ అనే సంపన్నుడు 2002లో సొంత ఖర్చుతో అంతరిక్షానికి వెళ్లొచ్చి, 2004లో ఉబుంటు మొదలుపెట్టాడు. 2005 నుంచి 2011 దాకా ఈ సీడీల పంపిణీ సాగింది. నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి మన అడ్రసు రాసేస్తే చాలు... కొన్ని వారాలకి పోస్ట్‌మ్యాన్ ఇంటికి తెచ్చిచ్చేవాడు. మా వీధిలో విదేశాల నుంచి కవరు అందుకున్న మొదటి మనిషిని నేనే. "ఉద్యోగమా బాబూ?" అని కూడా అడిగాడాయన.

ఓ ఆదివారం షాపు మూసి ఉండగా తాళం తీసుకుని వెళ్లాను. సీడీ పెట్టాను. అది అడిగినవాటికల్లా సరే, సరే అంటూ పోయాను. మధ్యలో ఒకచోట 'డిస్కు మొత్తం వాడుకో' అన్న వరుస కనిపించింది. వాడుకోమన్నాను. ఇంకోసారి జాగ్రత్త చెప్పింది. చదవకుండానే మీట నొక్కాను.

అరగంట తర్వాత గోధుమరంగు తెర వచ్చింది. ఎంత బాగుందో! ఆ తర్వాత నాన్న ఫైళ్ల కోసం వెతికితే... ఏమీ లేవు.

అందులో ఆ సీజను శుభలేఖల ఫైళ్లున్నాయి. అవి పోతే పోయాయి, మళ్లీ చేసుకోవచ్చు. కానీ రిటైరైన ఒక తెలుగు మాస్టారి పద్యాల పుస్తకం కూడా ఉంది. నూట నలభై పేజీలు. రెండుసార్లు ప్రూఫులు చూసి, ఇవాళోరేపో ప్రెస్సుకి వెళ్లాల్సిన పుస్తకం. విజయవాడలో డేటా తీసిస్తానన్న ఒకాయన దగ్గరికి హార్డ్ డిస్కు పట్టుకెళ్లాం. రెండ్రోజులుంచుకుని పెదవి విరిచాడు.

నాన్న నన్ను తిట్టలేదు. అదే కష్టంగా ఉండేది. పొద్దున షాపు పని, రాత్రి భోజనం చేశాక మాస్టారి రాతప్రతి ముందు పెట్టుకుని మొదటి పద్యం నుంచి మళ్లీ టైపు. పందొమ్మిది రాత్రులు పట్టింది. నేను పక్కన కూర్చుని చదివి వినిపించేవాణ్ని. ఉత్పలమాలకీ చంపకమాలకీ తేడా నాకు ఆ రాత్రుల్లోనే తెలిసింది. మాస్టారికి మాత్రం "మరొక్కసారి ప్రూఫు చూసుకుంటే మంచిదండీ" అని చెప్పారు. ఆయన సంతోషంగా చూసి పెట్టారు. జరిగిందేమిటో ఆయనకి చివరిదాకా తెలియదు.

అదిగో, అప్పట్నుంచీ నాన్న ప్రతి శనివారం సాయంత్రం ఫైళ్లన్నీ సీడీకి ఎక్కించడం మొదలుపెట్టారు. మార్కరుతో తేదీ, నంబరు. ఆ డబ్బాకి అమ్మ పెట్టిన పేరు 'మీ నాన్న నగల పెట్టె'.

బియ్యం ఒకటే... వంటే వేరు

ఇంతకీ లైనక్సంటే ఒకటే అనుకుంటారు చాలామంది. 'ఏ లైనక్సు?' అని అడిగితే విచిత్రంగా చూస్తారు. 1991 ఆగస్టులో ఫిన్లండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి తాను రాస్తున్నానని ప్రకటించింది కెర్నల్ మాత్రమే. అంటే కంప్యూటరులోని చిప్పుకీ, డిస్కుకీ, తెరకీ పనులు పురమాయించే లోపలి భాగం. దాన్ని బియ్యం అనుకోండి. ఉత్త బియ్యం విస్తట్లో వడ్డించరు కదా. దాన్ని వండి, పప్పూ కూరా పచ్చడీ చేర్చి, అంటే ఫైళ్లు చూసుకునే ప్రోగ్రాము, ఉత్తరం రాసుకునే ప్రోగ్రాము, బొమ్మలు చూసేది, పాటలు వినేది ఇవన్నీ కలిపి, భోజనంగా పెట్టేవాళ్లు వేరే ఉంటారు. ఆ భోజనాన్నే డిస్ట్రిబ్యూషన్ అంటారు. ముద్దుగా డిస్ట్రో. మూలం అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి ఎవరైనా వండొచ్చు. అందుకే అవి వందల్లో ఉన్నాయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదీ ఆ బియ్యమే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్లన్నీ నడుస్తున్నదీ దాంతోనే.

వీటిలో చుట్టరికాలు కూడా ఉంటాయి. 1993లో అమెరికాలో ఇయాన్ మర్డాక్ అనే కుర్రాడు డెబియన్ మొదలుపెట్టాడు. అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరులోంచి సగం, తన పేరు ఇయాన్ కలిపి డెబియన్ అన్నాడు. దాన్ని ఆధారం చేసుకుని ఉబుంటు పుట్టింది. ఉబుంటుని ఆధారం చేసుకుని 2006లో లైనక్స్ మింట్ పుట్టింది. తాత, తండ్రి, మనవడు అన్నమాట. మనవడు చూడ్డానికి బాగుంటాడు, నలుగురిలో ఇట్టే కలిసిపోతాడు. తాత పాతకాలం మనిషి. మాట తక్కువ. రెడ్‌హ్యాట్, ఫెడోరాలది ఇంకో వంశం. ఆర్చ్ ఎవరి వంశమూ కాదు, తన వంట తనదే.

మన తెలుగులోనూ ఆ ప్రయత్నం జరిగింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. మెనూల్లో తెలుగు చూసి నాన్న మురిసిపోయిన రోజు నాకు గుర్తుంది. 'ఫైలు'ని తెలుగులో ఏమంటే బాగుంటుందని గంటసేపు వాదించారు కూడా.

నాలుగో అద్దె ఇల్లు

"ఇన్నేళ్లు వాడుతున్నావు, నీకింకా ఆలోచన దేనికి? ఏదో ఒకటి పడేయ్" అన్నాడు మా డెస్కులో పక్క సీటు మిత్రుడు. చాలామంది అలాగే అనుకుంటారు... అనుభవం ఉంటే ఎంపిక తేలికని. నా మటుకు తిరగబడింది.

మీరు అద్దె ఇళ్లు మారారా? మొదటి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గచ్చు బాగుంది, బాల్కనీ ఉంది, రంగులు కొత్తగా వేశారు అని మురిసిపోతాం. నాలుగో ఇంటికి వచ్చేసరికి లోపలికి వెళ్తూనే కుళాయి తిప్పి చూస్తాం. బోరు నీళ్లు వేసవిలో వస్తాయా, మీటరు వేరుగా ఉందా, అన్నిటికంటే ముఖ్యం, ఓనరు ఎలాంటివాడు? రంగుల సంగతి గుర్తే రాదు.

డిస్ట్రోలూ అంతే. జర్నలిజం డిప్లొమా చేసేటప్పుడు హాస్టల్లో సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మీద నెలకొకటి మార్చేవాణ్ని. ఏది పెడితే కిటికీలు మంటల్లో కాలినట్టు మూసుకుంటాయో, ఏది పెడితే తెర ఘనాకారంగా గిర్రున తిరుగుతుందో అవే చూసేవాణ్ని. పక్క గదివాళ్లు వచ్చి చూసి 'అబ్బో' అనాలి. వ్యాసం రాసింది తక్కువ, తెర తిప్పింది ఎక్కువ.

ఉద్యోగంలో చేరాక ఒకటి నేర్చుకున్నాను. డిస్ట్రోల్లో రెండు రకాల పచ్చళ్లున్నాయి. ఒకటి ఆవకాయ. ఒకసారి పెడతారు. జాడీకి వాసెన కడతారు. డెబియన్ అలాంటిది. సుమారు రెండేళ్లకోసారి కొత్త వెర్షను, ఈమధ్యలో భద్రత, తప్పుల సవరణలు తప్ప మరేదీ మారదు. రెండోది రోటి పచ్చడి. ఏ పూటకాపూట నూరతారు. రోలింగ్ అంటారు దాన్ని. ఆర్చ్ ఆ తరహా. ప్రపంచంలో ఏ ప్రోగ్రాముకి కొత్త వెర్షను వచ్చినా నాలుగు రోజుల్లో మీ ముందుంటుంది. ఫెడోరా ఈ రెంటికీ మధ్య. ఆర్నెల్లకోసారి కొత్తది పెట్టి, ఒక్కో వెర్షనుని పదమూడు నెలలు చూసుకుంటుంది.

రోటి పచ్చడి రుచి ఆవకాయకి రాదు, ఒప్పుకుంటాను. నేనూ నాలుగేళ్లు అదే తిన్నాను. కానీ 2016లో ఓ గురువారం రాత్రి, ముఖపత్ర కథనం మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సి ఉండగా, అలవాటుగా అప్‌డేట్ కొట్టాను. మళ్లీ లేచేసరికి నల్ల తెర. అది ఏ డిస్ట్రోనో పేరెందుకులెండి. వార్తా ప్రకటన ముందు చదవకుండా అప్‌డేట్ కొట్టడం నా తప్పేనని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం ఫోనులో బొటనవేళ్లతో వెయ్యి పదాల కథనం టైపు చేశాను. వాటిలో ఒత్తు తప్పులు సరిదిద్దిన సబ్ ఎడిటరుగారు నాతో వారం మాట్లాడలేదు.

ఇక ఓనరు సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ నాకిదే పెద్ద ప్రశ్న. సెంటాస్ అని ఒకటుండేది. రెడ్‌హ్యాట్ వాళ్ల ఖరీదైన వ్యవస్థకి ఉచిత ప్రతిరూపం. ఎన్నో సర్వర్లు దానిమీదే నడిచేవి. సెంటాస్ 8కి 2029 దాకా ఢోకా లేదనుకున్నారు అందరూ. 2020 డిసెంబరులో ఒక ప్రకటన వచ్చింది... 2021 ఆఖరుతో దాన్ని ఆపేస్తున్నామని. ఓనరు వచ్చి 'వచ్చే నెల ఖాళీ చేయండి' అన్నట్టే. తప్పు అనడానికి లేదు, ఇల్లు వాళ్లది. అయితే తెరిచి ఉన్న మూలం కదా, కొద్దికాలానికే రాకీ లైనక్స్, ఆల్మా లైనక్స్ అని రెండు కొత్త ఇళ్లు లేచాయి. సామాన్లు సర్దుకోవాల్సినవాళ్ల శ్రమ మాత్రం శ్రమే.

డెబియన్‌కి ఓనరు లేడు. కంపెనీ లేదు. లోకమంతా చెదిరి ఉన్న స్వచ్ఛంద సేవకులు నడుపుతారు. ఏటా ఓట్లేసుకుని నాయకుణ్ని ఎన్నుకుంటారు. మేం వాడేవాళ్లకి జవాబుదారీ అని 1997లోనే ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. 2023 సెప్టెంబరులో వాళ్ల వార్షిక సమావేశం మన కొచ్చిలోనే జరిగింది. మొదలుపెట్టిన ఇయాన్ 2015 డిసెంబరులో కన్నుమూశాడు. డెబియన్ ఆగలేదు. ఒక్కో వెర్షనుకీ 'టాయ్ స్టోరీ' సినిమాలోని బొమ్మల పేర్లు పెడతారు. ఎప్పటికీ పూర్తిగాని, ఎప్పుడైనా తేడా కొట్టగల ప్రయోగాల వెర్షను పేరు సిడ్. సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పిల్లాడి పేరది! 2025 ఆగస్టులో వచ్చిన పదమూడో వెర్షను పేరు ట్రిక్సీ. నా లాప్‌టాప్‌లో ఉన్నది అదే.

వేళ్ల గొడవ

నా సంగతి సరే, నాన్నకి? ఆయనకి మింట్ పెడదామని మనసులో ఖాయం చేసుకున్నాను. విండోస్‌లాగే ఎడమచేతివైపు కింద మెనూ, అదే పద్ధతి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు. పెద్దవాళ్లకి పెట్టివ్వడానికి అంతకంటే హాయైనది నాకు తెలియదు. అదే మాట ఫోనులో చెప్పాను.

"నీ దగ్గరున్నది అదేనా?" అన్నారు.

"కాదు నాన్నా, నాది వేరే. నీకు తేలిగ్గా ఉంటుందని..."

"తేలికదేముందిరా. ముప్ఫై ఏళ్ల నుంచి కంప్యూటరు ముందే కూర్చున్నాను. రేపేదైనా ఆగితే నీకే ఫోను చేస్తాను కదా. నాకు కనిపించేదే నీకూ కనిపించాలి. నీదేదో నాకూ అదే పెట్టు."

అంతే. ఇన్నేళ్లుగా నేను చదివిన పోలికల పట్టికల్లో ఎక్కడా లేని కొలమానం ఇది. పైగా నాన్నని నేను 'పెద్దవాళ్ల' జాబితాలో వేశాను! డాస్ రోజుల నుంచి వాడుతున్న మనిషిని. నాకంటే పదేళ్లు సీనియరు.

అసలు చిక్కు వేరే ఉంది. నాన్న టైపింగు. డీటీపీ చేసినవాళ్లకి తెలుస్తుంది, మన సెంటర్లలో ఎక్కువమంది నేర్చుకున్నది యాపిల్ కీబోర్డు అనే పద్ధతి. దానికి ప్రభుత్వం ప్రమాణంగా తీసుకున్న ఇన్‌స్క్రిప్ట్‌తో పొత్తు కుదరదు. నాలాగా ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ల పద్ధతితో అసలే కుదరదు. అరవై నాలుగేళ్ల మనిషిని వేళ్లు మార్చుకోమనడం ఎలా? వేళ్లు ఆలోచించవు కదా, అవి అలా వెళ్లిపోతాయంతే.

రెండు రాత్రులు దీనిమీదే కూర్చున్నాను. లైనక్సులో ఐబస్ అని ఒక ఏర్పాటు ఉంటుంది, రకరకాల భాషల కీబోర్డులకి. దానికి ఎం17ఎన్ అనే పొట్లం కలుపుకుంటే తెలుగుకి ఒకటి కాదు, చాలా పద్ధతులు బారులు తీరతాయి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన... ఆ వరుసలో యాపిల్ కూడా! ఎవరో ఎప్పుడో, మన డీటీపీవాళ్లని తలచుకుని, జీతంలేకుండా కూర్చుని రాసి పెట్టారన్నమాట. ఎవరో నాకు తెలియదు. తెలిస్తే ఓ జాడీ ఆవకాయ పంపించేవాణ్ని.

పాత ఫైళ్ల గొడవ మాత్రం అంత సులువుగా తేలలేదు. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు కూర్చిపెట్టినవి. 'క' అని కనిపించేది కంప్యూటరు లెక్కలో తెలుగే కాదు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే గజిబిజి గీతలు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను వచ్చింది 2001లో. లైనక్సులో విండోస్ ప్రోగ్రాముల్ని నడిపించే వైన్ అనే ఉపాయంతో ప్రయత్నించాను. పేజీ తెరుచుకుంది కానీ కీబోర్డు కుదరలేదు. చివరికి పాత విండోస్‌నే వర్చువల్ మిషనులో పెట్టాను. అంటే కంప్యూటరు లోపల ఇంకో ఊహా కంప్యూటరు. ఇంటర్నెట్టు తీగ ఇవ్వలేదు దానికి. పాతకాలం పెద్దమనిషికి వెనకగది ఇచ్చి, వీధి తలుపు వేసినట్టు. పాత పుస్తకం తెరవాలంటే అక్కడికి వెళ్లాలి, కొత్త పని ఇవతల చేసుకోవాలి. పుస్తకాల కూర్పుకి స్క్రైబస్ ఉంది. తెలుగు ఒత్తులు సరిగ్గా పట్టుకోవడం దానికీ ఆలస్యంగానే వచ్చింది, 1.6 వెర్షనులో ఇబ్బంది లేదు. పేజ్‌మేకరంత చేతివాటంగా ఉంటుందని మాత్రం చెప్పను. నాన్నకీ అదే చెప్పాను. "చూద్దాంలే" అన్నారు.

దీపావళి ముందురోజు

2025 దీపావళికి తెనాలి వెళ్లాను. బ్యాగులో కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి, అదనపు ర్యామ్, డెబియన్ ఎక్కించిన పెన్‌డ్రైవు. మొదట పెన్‌డ్రైవు నుంచే నడిపించి చూశాం. డిస్కు జోలికి పోకుండా, ఊరికే రుచి చూడ్డానికి అలా వీలుంటుంది. కొత్తవాళ్లెవరైనా మొదట చేయాల్సిన పని ఇదే. వైఫై పట్టింది, పాట వినిపించింది, తెర స్పష్టంగా ఉంది. పాత మిషను కదా అని తేలికపాటి ముస్తాబు, ఎక్స్ఎఫ్‌సీఈ ఎంచుకున్నాను.

నా ఆలోచన ఏమిటంటే, పాత డిస్కుని అసలు ముట్టుకోకూడదు. తీసి పక్కన పెట్టి, కొత్త ఎస్ఎస్‌డీలో ఎక్కించాలి. నాన్న ఒప్పుకోలేదు. "పాతది రెండోదిగా ఉండనీ, ఫైళ్లు దాంట్లోనే ఉంటాయిగా" అన్నారు. స్క్రూలు బిగించి, రెండూ తగిలించి, ఇన్‌స్టాల్ మొదలుపెట్టాం. భాషల వరుసలో 'తెలుగు' అని కనబడితే నాన్న వేలితో చూపించారు. అయినా ఫోనులో చెప్పుకోవడానికి వీలుగా ఇంగ్లిషే ఉంచాం.

సరిగ్గా అక్కడికి వచ్చింది. డిస్కులు. రెండు వరుసలు. 'డిస్కు మొత్తం వాడుకో.' ఏది కొత్తదో ఏది పాతదో సైజునిబట్టి తెలుస్తూనే ఉంది. ఒకటి 240, ఒకటి 500. పదేళ్ల పిల్లాడైనా చెప్పగలడు. నా చెయ్యి మాత్రం కదల్లేదు. ఇలాంటి ఇన్‌స్టాల్స్ ఎన్ని చేశానో లెక్కలేదు. ఆఫీసులో, స్నేహితులకి, కళ్లు మూసుకుని.

నాన్న కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లారు. నగల పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టారు. పైన సీడీల దొంతర, కింద రెండు పోర్టబుల్ హార్డ్ డిస్కులు. "నిన్న రాత్రి కూడా ఎక్కించాన్లే. ఒకటి కాదు, రెండిట్లో" అన్నారు.

240ని ఎంచుకున్నాను. డెబియన్‌లో ఆఖరున ఒక ప్రశ్న ఉంటుంది, ఈ మార్పులు డిస్కులో రాసేయమంటావా అని. దానికి ముందుగా గీత గీసి ఉండే జవాబు 'వద్దు'. కావాలని కిందికో పైకో జరిపి 'సరే' అనాల్సిందే. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని ఆ ప్రశ్నని మొత్తం చదివారు.

"ఇలాంటిది అప్పుడు కూడా అడిగిందా?"

"అడిగింది నాన్నా."

"ఊఁ..." అన్నారు. కాసేపాగి, "మాస్టారు పుస్తకంలో రెండోసారి టైపు చేసినప్పుడు పదకొండు తప్పులు పట్టుకున్నాను. మొదటి ప్రూఫులో ఇద్దరం చూసుకోలేదు" అన్నారు. అని, ఆయనే 'సరే' మీదికి జరిపి, మీట నొక్కారు.

ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. మెనూ పైన ఉంటే మెడ నొప్పెడుతోందంటే కిందికి దించాను. తెలుగు ఫాంట్లు కలిపాను... పోతన, వేమన, మండలి, రామభద్ర. యాపిల్ కీబోర్డు పెట్టాను. నాన్న కుర్చీ ముందుకి లాక్కుని, వేళ్లు విరుచుకుని, తెరవైపు కాకుండా ఎటో గోడవైపు చూస్తూ కొట్టారు. 'శ్రీరస్తు - శుభమస్తు - అవిఘ్నమస్తు'. డీటీపీ చేసేవాళ్లెవరైనా కొత్త మిషను ముందు కూర్చుంటే మొదట కొట్టేది అదే. వేళ్లు రెండుచోట్ల తడబడ్డాయి. ఆ పద్ధతిలో కొన్ని మీటలు ఆయనకి అలవాటైన చోట లేవు. 'స్తు'ని పెద్దది చేసి, ఒత్తు ఎక్కడ కూర్చుందో దగ్గరగా చూశారు.

"బానే ఉంది. ఆ రెండు మీటలు మార్చడం కుదురుతుందా?"

కుదురుతుంది. ఆ కీబోర్డు కూడా తెరిచి ఉన్న ఫైలే. ఓ రెండు వరుసలు మారిస్తే చాలు. దీపావళి మర్నాడు పొద్దున్న నాన్న చెప్తుంటే నేను మార్చాను.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోను చేస్తారు. మధ్యలో ఏదైనా అనుమానం వస్తే నా తెరమీదా అదే మెనూ, అదే చోట. స్క్రైబస్‌లో మొన్న ఒక గృహప్రవేశం కార్డు చేశారు. ప్రింటరు మాత్రం రెండువైపులా వేయనంటోంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు దాని సంగతి చూడాలి.